బోరు నీళ్లలో జంజం

బెంగళూరు, శుక్రవారం

అమ్మీకి షాహిస్తా సలాములు. నేను బాగానే ఉన్నాను. ఫోనులో నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, అందుకే కార్డు రాస్తున్నాను.

నువ్వు పంపిన మన జమ్మలమడుగు బోరు నీళ్లను ల్యాబులో పరీక్షించాను. కంటికి కనపడనంత సన్నని డీఎన్ఏ దారం ఒకటి మేము తయారుచేస్తాం. సెల్‌ఫోన్లలో వాడే అరుదైన లోహాలు నీళ్లలో ఉంటే ఆ దారం తెగి, ఆకుపచ్చగా వెలుగుతుంది. మన నీళ్లు వెలగలేదు. సంతోషంగా నీకు ఫోన్ చేస్తే ఏమన్నావు? "నీ పని బాగా జరగాలని అండ్లో రోంత జంజం కలిపినాలే, బిడ్డా." మక్కా నీళ్లు కలిశాక వాటిని జమ్మలమడుగు నీళ్లని ఎట్లా రాయాలి? మా సారు ఆ ఫలితం కొట్టేసి, మిగిలింది పారబోయమన్నారు.

పారబోయలేదమ్మీ. హాస్టలుకు తెచ్చుకుని, జంజం తాగే పద్ధతిలో నిలబడి, బిస్మిల్లా అని తాగాను. మన బోరు ఉప్పదనం నాలుకకు తగలగానే సీసాలో చుక్క కూడా మిగల్చలేదు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నల్లమేక ఈనిందా? అబ్బా కువైట్ నుంచి ఎప్పుడొస్తాడంట?

రెహాన్ భాయ్ చీరల మూటతో ఇటు వచ్చేటప్పుడు రెండు సీసాలు పంపు. ఒకదాంట్లో ఒట్టి బోరు నీళ్లే, దాని జోలికి నువ్వు పోవద్దు. భాయ్‌తోనే పట్టించు.

రెండోదాంట్లో నీ ఇష్టం వచ్చినంత జంజం కలుపు. అది పరీక్షకు కాదు.

నీ దువా కోరే
షాహిస్తా