డబ్బాల అక్కను కెమెరా పరీక్షకు పంపే ఉత్తర్వు కోసం

ఆరోగ్య కేంద్రం ముఖ్య వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమ కేంద్రంలో కార్యకర్తగా పనిచేయుచున్న నా భార్యను, అనగా 'డబ్బాల అక్క'ను, పెద్దపేగు కెమెరా పరీక్షకు హాజరు కమ్మని తక్షణం ఉత్తర్వు జారీ చేయుట గురించి.

మనవి చేయునది ఏమనగా: కోర్టు మెట్ల పక్కన బల్ల వేసుకుని ఊరందరికీ అర్జీలు రాసిపెట్టే నేను, సొంతానికి రాసుకుంటున్న మొదటి అర్జీ ఇది. తప్పులుంటే మన్నించగలరు.

1. సదరు భార్య మలపరీక్ష డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుట తమకు విదితమే. సిగ్గుపడేవాళ్లను "రోజూ చేసే పనే కదా బాబాయ్, పుల్లతో కాస్త తీసి ఇందులో పెట్టడానికి ఏడుపెందుకు?" అని నవ్వించి మరీ డబ్బా రాబట్టును. ఆ డబ్బా వల్లే మా ఎదురింటి దర్జీకి మలంలో కంటికి కనపడని రక్తం బయటపడింది. కెమెరాతో చూసి పేగులో గడ్డను మొదట్లోనే తీసేశారు. ఇప్పుడు హాయిగా మిషను తొక్కుకుంటున్నాడు. కనుక పరీక్ష మీద నాకెట్టి ఫిర్యాదూ లేదు.

2. ఆమె సొంత డబ్బా ఫలితం నెగెటివ్ వచ్చినది. అయినను నెల రోజులుగా ఆమెకు మలంలో రక్తం పడుతున్నది. బట్టలు వదులైనవి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అడిగితే "మొలలు లెండి, ఊరుకోండి" అంటున్నది.

3. గట్టిగా నిలదీయగా ఆమె ఇచ్చిన జవాబు యథాతథంగా: "నాకు నెగెటివ్ వచ్చింది కదా. ఇప్పుడు నేనే పోయి ఆసుపత్రిలో పడుకుంటే, ఈ డబ్బాలన్నీ ఉత్తవేనని వీధంతా అంటుంది. రేపట్నుంచి ఒక్కరైనా ఇస్తారా?"

4. ఈ డబ్బాల గురించి కేంద్రంలో పెట్టిన సమావేశంలో తమరే సెలవిచ్చారు. గడ్డ రోజూ రక్తం కార్చదు, కార్చని రోజు తీసిన డబ్బాలో ఏమీ దొరకదు, అందుకే గడువు ప్రకారం మళ్లీ మళ్లీ చేయించుకోవాలి అన్నారు. రక్తం కంటికే కనిపిస్తే మాత్రం డబ్బాతో పనిలేదు, డాక్టరు దగ్గరికి పోయి కెమెరా పరీక్ష చేయించుకోవాలి అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. ఆమె ముందు వరసలో కూర్చుని తలూపింది. ఇప్పటికీ అందరికీ అదే చెబుతుంది. తనకు మాత్రం వర్తించదట! ఏం మనిషండీ?

5. ఇంట్లో నా మాట చెల్లదు. తమ సంతకం ఉన్న కాగితానికి మాత్రం ఆమె ఎదురు చెప్పదు. ఆ కాగితం ఒక్కటి పడేయండి సార్. బాత్రూం గడియ చప్పుడు వింటే చాలు, రాస్తున్న అర్జీ వదిలేసి తలుపు దగ్గర నిలబడుతున్నాను. ఆమెకేమన్నా అయితే నేనెవరికి అర్జీ పెట్టుకోవాలి?

పై అంశములన్నియు తమరు ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
డబ్బాల అక్క మొగుడు

తా.క.: అయ్యా, కేంద్రానికొచ్చే ఉత్తరాలు విప్పి మీ బల్ల మీద పెట్టేది నేనేనని మా ఆయనకు తట్టినట్టు లేదు. రెండో అంశం సరిచేస్తున్నాను. నెల కాదు, నా డబ్బా ఇవ్వకముందు నుంచే రక్తం పడుతోంది. ఆ రోజు పడలేదు, అంతే. మొలలేనని నాకు నేనే చెప్పుకున్నాను. భయంగా ఉంది సార్. ఉత్తర్వు పంపండి, వెళ్తాను. కాకపోతే ఇద్దరి పేరా రాయండి. నేనిచ్చిన డబ్బాను ఈయన అటక మీద దాచిపెట్టుకున్నారు. మా వీధి మొత్తంలో డబ్బా తిరిగి ఇవ్వనిది ఈయనొక్కరే.