సంగటి ముద్దలో మాత్ర

పరిగి, మంగళవారం

అమ్మా హేమా,

అందరం బాగున్నాం. నీ కుక్క కరియకు జ్వరం పోయింది, దిగులుపడొద్దు. మీ హాస్టల్లో ఫోను ఇవ్వరు కాబట్టి కార్డు రాస్తున్నా.

పశువుల డాక్టరు కరియకు రోజుకొక బలం మాత్ర రాశాడు. పెరుగన్నంలో కలిపితే అన్నం తిని మాత్ర గడప మీద పెట్టిపోయింది. బన్నులో పెట్టినా అంతే. దాని వెంట తిరిగి తిరిగి నా నడుము పడిపోయింది. చివరికి సంగటి గుర్తొచ్చింది. దాన్ని ఎవరూ నమలరు కదా, మింగడమే. నిన్న చిన్న ముద్దలో మాత్ర దాచి, కరియను పిలవడానికి బయటికి పోయాను. వచ్చేసరికి, చేను నుంచి ఆకలితో వచ్చిన మీ నాయన ఆ ముద్దను ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని మింగేశాడు!

భయపడి డాక్టరుకు ఫోను చేస్తే పగలబడి నవ్వినాడు. "ఏం కాదులేమ్మా, ఆయప్పకూ రవ్వంత బలం వస్తాది" అన్నాడు. కరియకు ఇంకో ముద్ద చేసి పెడితే గుటుక్కున మింగి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది.

నీకు దుప్పటి చాలుతోందా? నీలం చున్నీ ఈడ లేదు, నీ పెట్టెలో చూడు. తలకు నూనె పెట్టుకో. బాగా చదువుకుని చల్లగా ఉండు.

మీ అమ్మ

అంచున కొంచెం జాగా మిగిలింది. బీపీ మాత్ర గొంతు దిగదని ఏడాదిగా తప్పించుకుంటున్న మీ నాయన ఈ పొద్దు తానే వచ్చి, "ఏమే, నా మాత్ర కూడా సంగట్లో పెట్టు. యా ముద్దలో ఉండాదో మాత్రం నాకు చెప్పొద్దు" అన్నాడు.