నాన్న గోరింటాకు చుక్క

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపడకు.

నిన్న మా వీధి ఇన్షిరాహ్ అత్త బాగుచేయమని టీవీ తెచ్చింది. కిందటి రంజానుకే కొన్నదట. పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. పదహారు వోల్టులవి తీసి, నాన్న నేర్పినట్టు పాతిక వోల్టులవి ఏరుతున్నాను. చూస్తే ఒకటి అప్పటికే ఎవరో మార్చారు. అదీ పాతికే. పక్కన గోరింటాకు చుక్క, తన పనికి గుర్తుగా నాన్న పెట్టేదే. ఆయన పోయి నాలుగేళ్లు కదమ్మా!

"దీన్నెవరు ముట్టుకున్నారత్తా?" అన్నాను.

"ఎవరో పెద్దాయనరా, పిలవకుండానే వచ్చాడు. చాయ్ ఇస్తే ముట్టలేదు. 'మిగతావి మావాడు మారుస్తాడులే' అని వెళ్లిపోయాడు."

ఎండు బెండకాయలు అందాయి. చెల్లిని ఊరికే కసరకు. దేవుడు మిమ్మల్ని కాపాడాలి.

కాగితం అంచున కాస్త చోటుంది. నాన్న టంకం వేసే కడ్డీ ఇంకా ఆయన పెట్టెలోనే ఉందా? ఉంటే ముట్టుకుని చూసి రాయి, చల్లగానే ఉందో లేదో.

నీ రిజ్క్, అలెగ్జాండ్రియా