వెళ్లకూడని ఇళ్ల లిస్టు

2 జూన్ 2024, ఆదివారం. ఉదయం 10.40

మళ్లీ దేవుడొచ్చాడు. స్వయంగా కాదు, ఆయన తరఫున ఇద్దరు. స్టీల్ ప్లాంటులో సి-షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి, నాలుగు ఇడ్లీలు తిని, కన్ను అంటుకునే వేళకి గంట. లుంగీ బిగించుకుంటూ వెళ్లి తలుపు తీశాను. తెల్లచొక్కా టక్ చేసుకున్న పెద్దాయన, గొడుగు పట్టుకున్న ఒకమ్మాయి. ఆయన పేరు తవిటయ్య, పోర్టులో పనిచేసి రిటైరయ్యాడట. అమ్మాయి ఆయన కోడలు. పేరు దుర్గ. యేసు గురించి చెప్పడానికి వచ్చినమ్మాయి పేరు దుర్గ! నవ్వొచ్చింది కానీ కోపంలో ఉన్నాను కాబట్టి నవ్వలేదు.

లోకంలో ఇన్ని బాధలు ఎందుకున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా సార్ అని అడిగింది. ఆలోచించానమ్మా, ఆదివారం పొద్దున్న గంట కొట్టేవాళ్ల వల్ల అన్నాను. తలుపేశాను.

నేను దేవుళ్ల మధ్య తేడా చూపించే మనిషిని కాను. భగవద్గీత అమ్మడానికొచ్చిన వాళ్లనీ, వినాయకుడి చందాకొచ్చిన వాళ్లనీ ఇంతే మర్యాదగా పంపించాను. ఉక్కునగరం హేతువాద మిత్రమండలికి ఉపాధ్యక్షుణ్ణి. సభ్యులం పదకొండు మందిమి.

5 జూన్, బుధవారం

బోర్డు రాయించి తలుపుకి కొట్టాను. ‘ఇది నాస్తికుల ఇల్లు. మత ప్రచారకులు గంట కొట్టవద్దు.’ నా భార్య కుసుమ చదివి, నాస్తికుల ఇల్లేటి, మా అమ్మ కూడా ఉంది కదా అంది.

అత్త గంగాలమ్మ ఏప్రిల్ నుంచి మాతోనే ఉంది. నలభై ఏళ్లు పెదజాలరిపేట నుంచి నెత్తిన గంప పెట్టుకుని ఎంవీపీ కాలనీలో గడపగడపకీ చేపలమ్మిన మనిషి. మార్చిలో జెట్టీ మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది. ఇక నడవాలన్నాడు డాక్టరు. ఇప్పుడు నడవకపోతే తర్వాత నడుద్దామన్నా కాలు వినదన్నాడు. కుసుమ బతిమాలుతుంది, నేను బతిమాలుతాను, ఫిజియో అతను కేకలేస్తాడు. వాకర్‌కి ప్లాస్టిక్ కవర్ కూడా ఊడలేదు. ఎక్కడికెల్లాలని నడమంతన్నావు బాబూ అంటుంది. దేవుడు లేడని రెండు గంటలు ఆపకుండా నిరూపించగలను. ఈ ప్రశ్నకి మాత్రం తెల్లమొహం వేస్తున్నాను.

9 జూన్, ఆదివారం

ఎ-షిఫ్ట్, అంటే పొద్దుటి డ్యూటీ. ఇంటికొచ్చి అడిగాను. గంట మోగలేదట. బోర్డు పనిచేస్తోంది!

16 జూన్, ఆదివారం. మధ్యాహ్నం

బోర్డు పనిచేయడం లేదు.

వీక్లీ ఆఫ్. చికెన్ పట్టుకుని వచ్చేసరికి తవిటయ్య, దుర్గ నా సోఫాలో కూర్చుని నా గ్లాసుల్లో మజ్జిగ తాగుతున్నారు. ఎదురుగా కుర్చీలో అత్త. బోర్డు చదవలేదా అన్నాను. సదివినామండి, అందుకే గంట కొట్టనేదు, తలుపు తట్టినాం అన్నాడు తవిటయ్య, ఎంతో వినయంగా.

అది కాదు అసలు సంగతి. వాళ్లు అత్తకి ఏమీ బోధించడం లేదు. అత్తే వాళ్లకి బోధిస్తోంది! గుమ్మంలోకెల్లగానే బాధలు గీధలు అనీసి మొదలెట్టీకండి, ఎవులికి బాదల్లేవు అంటోంది. నానెప్పుడైనా ముందుగాల సేప సూపించీనానా? పిల్లలేటి సదువుతన్నారు, మీ అత్తగారికి నెమ్మదిగా ఉందా, అదడగాల. తలుపు రెండుసార్లు తట్టీసి రెండడుగులు ఎనక్కి నిలబడాల. మీదకొచ్చీసినట్టుంటే ఎవులు తీస్తారు తలుపు? దుర్గ చిన్న నోట్‌బుక్కులో గబగబా రాసుకుంటోంది.

నా ఇంట్లో, నా ఫ్యాను కింద, మత ప్రచారకులకి ట్రైనింగ్ క్లాసు. ఒళ్లు మండిపోయింది. ఇంకెప్పుడూ ఈ గడప తొక్కొద్దని అరిచాను. చికెన్ కవర్ చేతిలో ఊగుతూనే ఉంది.

తవిటయ్యకి కోపం రాలేదు. జేబులోంచి డైరీ తీసి మా క్వార్టర్ నంబరు రాసుకున్నాడు. అలాగేనండి, వెళ్లకూడని ఇళ్ల లిస్టులో ఎట్టీస్తామన్నాడు. అలాంటి లిస్టొకటి ఉందని ఇన్నాళ్లూ తెలియదు. తెలిస్తే బోర్డు ఖర్చు తప్పేది.

జరిగిందంతా మండలి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా కార్యదర్శి ఉమామహేష్ పది చప్పట్లు కొట్టాడు. వాడిది మా వీధి చివరి ఇల్లే, కావాలంటే వచ్చి భుజం తట్టొచ్చు. చప్పట్లే కొట్టాడు.

23 జూన్, ఆదివారం

గంటా లేదు, తట్టుడూ లేదు. ఒంటిగంట దాకా నిద్రపోయాను.

27 జూన్, గురువారం

అత్త నాతో మాట్లాడటం లేదు. ఫిజియో అతను వస్తే గోడవైపు తిరిగి పడుకుందట. పాదం వాచింది.

రాత్రి అన్నం దగ్గర కుసుమ అసలు విషయం బయటపెట్టింది. నేను మొదటిరోజు తలుపేసినప్పుడు అత్త మంచం పక్క కిటికీలోంచి వాళ్లని పిలిచి, మా అల్లుడు డూటీకెల్లినప్పుడు రండి అని చెప్పిందట. తొమ్మిదో తారీకున వచ్చారు. ఆ రోజు తలుపు తీసింది అత్త. పదహారున నేను చికెన్‌కి వెళ్లాక తీసింది కూడా అత్తే. ఎనిమిదో తారీకునే కవర్ చింపి, మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా వాకర్‌తో మూడుసార్లు ప్రాక్టీసు చేసిందట. పద్నాలుగు అడుగులు. ఆదివారం పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని కూర్చుందట.

ఎదురుగా కుర్చీలో అత్తని చూశాను కదా ఆ రోజు. మంచం మీద ఉండాల్సిన మనిషి హాల్లో కుర్చీలోకి ఎలా వచ్చిందని నాకు తట్టనే లేదు. ప్రతిదాన్నీ ప్రశ్నించాలని ప్రతి మీటింగులోనూ చెబుతాను!

నాకు ముందే ఎందుకు చెప్పలేదన్నాను. చెబితే వాదిస్తావు కదా అంది.

30 జూన్, ఆదివారం

ప్రయోగాలు, రెండు.

ఒకటి: పది గంటలకి నేనే బయటికెళ్లి మా తలుపు రెండుసార్లు తట్టి, రెండడుగులు వెనక్కి నిలబడ్డాను. లోపల నుంచి అత్త, కుసుమా, మీ ఆయనకేటైంది, ఆల్ల తలుపు ఆల్లే తట్టుకుంతన్నారు అంది. చెప్పుల చప్పుడుకే పట్టేసింది.

రెండు: ఉమామహేష్‌ని పిలిపించాను. ఆవిడకి కావలసింది వచ్చి మాట్లాడే మనిషే కదా. వాడు విశ్వం పుట్టుక నుంచి మొదలుపెట్టాడు. భూమి చల్లారకముందే అత్త గురక పెట్టింది.

4 జూలై, గురువారం

ఉండబట్టలేక అడిగేశాను. వాళ్ల దేవుడు నీకంత నచ్చాడా అత్తా అని.

ఆల్ల దేవుడితో నాకేటి పని, నాకు గంగమ్మ తల్లుంది అంది. ఎండలో గడపెక్కినోల్ల మొకం మీద తలుపేసీస్తే ఎలాగుంటాదో నాకు తెలుసు బాబూ, నీకు తెల్దు అంది. మరి నువ్వొచ్చిన్నాడు నానేటి సేసినాను అంది.

1996. భుజాన సంచీ, చేతిలో పుస్తకాలు. ముహూర్తం వద్దు, పంతులు వద్దు, తాళి వద్దు, రిజిస్టర్ ఆఫీసులో సంతకం చాలు, మీ అమ్మాయినివ్వండి అని ఆవిడ గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. రైతుబిడ్డకి జాలరిపేటలో ఏం పని అని వీధి వీధంతా నవ్వింది. నువ్వూ ఆల్లలాగే సంచీ ఏసుకుని వొచ్చీనావు, నీ మాట ఒక్కటీ నాకు నచ్చనేదు, నాను తలుపేసీనానా, మంచినీల్లిచ్చి కూకోమన్నాను అంది.

సిగ్గుపడ్డాను. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

7 జూలై, ఆదివారం

గాజువాకలో వాళ్ల ప్రార్థన హాలు కనుక్కుని వెళ్లాను. లోపల పాటలు. అయ్యేదాకా బయట మోటార్ సైకిల్ మీద కూర్చున్నాను. తెలిసినవాళ్లెవరూ చూడకూడదని హెల్మెట్ తీయలేదు.

తవిటయ్య కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. కానీ రావడం కుదరదన్నాడు. లిస్టులోకెక్కిన ఇంటికి వాళ్లంతట వాళ్లు వెళ్లరాదట, అది వాళ్ల కట్టుబాటు. ఇంటి యజమాని రాతపూర్వకంగా అడిగితేనే పేరు తీస్తారట. దుర్గ కాగితం, పెన్ను ఇచ్చింది. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

రాశాను. ‘అయ్యా, ప్రతి ఆదివారం మా ఇంటికి విచ్చేసి మత ప్రచారం చేయవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, కె. అర్జునరావు.’

అక్కడితో ఆగాల్సింది. ఇరవై ఏళ్లుగా కలెక్టరుకీ, మునిసిపాలిటీకీ అర్జీలు రాసిన చెయ్యి ఆగలేదు. సంతకం కింద అలవాటుగా ‘ఉపాధ్యక్షుడు, ఉక్కునగరం హేతువాద మిత్రమండలి’ అని కూడా రాసేసింది. చూసుకునేసరికి కాగితం తవిటయ్య చేతిలో ఉంది. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మూడోసారి చదివాడు.

9 జూలై, మంగళవారం

అర్జీ ఫోటో మండలి గ్రూపులోకి వచ్చేసింది. ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. (అలవాటు మాట. కొట్టేయను, ఉండనీ.)

ఉమామహేష్ సంజాయిషీ అడిగాడు. మొత్తం టైప్ చేశాను. వాకర్, పద్నాలుగు అడుగులు, 1996, అన్నీ. పదవి తీసేస్తామంటే తీసేయమన్నాను.

తర్వాత ఉమామహేష్ విడిగా మెసేజ్ పెట్టాడు. వాళ్ల అమ్మ మోకాళ్ల నొప్పులని ఆరు నెలలుగా గది దాటడం లేదట. వాళ్లు మోకాళ్లకి కూడా వస్తారా బావా అని అడిగాడు.

14 జూలై, ఆదివారం. 11.30

సి-షిఫ్ట్ దిగి పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. పది దాటాక తలుపు మీద రెండు తట్లు. మంచం కిర్రుమంది. తర్వాత వాకర్ చప్పుడు. దుప్పటి కింద లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఆగింది. మళ్లీ పది. పద్నాలుగు. గడియ తీసిన చప్పుడు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. నైట్ డ్యూటీ వల్ల అని రాద్దామనుకున్నాను. కాదు.

లేచి వెళ్లి తవిటయ్యతో గంటసేపు వాదించాను. నేనే గెలిచాను. ఆయన ముఖం చూస్తే ఆయనే గెలిచినట్టుంది.

బోర్డు తీయలేదు. అది సిద్ధాంతం.

28 జూలై, ఆదివారం

అత్త గుమ్మం దాటి మెట్టు దాకా. పద్దెనిమిది అడుగులు.

11 ఆగస్టు, ఆదివారం. 10.50

వాకర్ తలుపు వెనకాల ఉంది. అత్త లేదు.

వీధి చివర నుంచి ఆవిడ గొంతు. తట్టడం అలాగ్గాదు దుర్గమ్మా, నన్ను సూడు. రెండు తట్లు.

ఉమామహేష్ ఇంటి తలుపు.