పండు ఏడిస్తే ఎవరికి మూడినట్టు?

వర్తూరు, కింద ఇల్లు
సోమవారం

మూడో అంతస్తు హరిణమ్మకు ఇంటి ఓనరు నాగప్ప ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేము క్షేమమే. ఎన్ని రోజులు క్షేమమో నీ కుక్క చేతిలో ఉండాది.

నీతో ముఖాముఖి మాట్లాడదామంటే నువ్వెప్పుడూ దాన్ని చంకలో పెట్టుకునే దిగుతావు. అది చంకలో ఉండేంతవరకు నేను గ్రిల్లు తలుపు తీయను. ఫోన్లో టైపు చేసేది నాకు రాదు. అందుకే గేటుకు తగిలించిన నీ పాల సంచిలో ఈ కాగితం పెడతా ఉండాను. జవాబు మా సంచిలో వెయ్యి.

సంగతేమంటే, మీ ఆఫీసోళ్ళు ఒకటో తారీకు నుంచి అందరినీ కుందలహళ్ళి ఆఫీసుకే రమ్మన్నారంట కదా. ఆ రోజు నుంచి నీ కుక్క రోజూ మధ్యాన్నం పన్నెండుకు, సరిగ్గా నేను కంచం ముందర కూర్చునే టయానికి, ఏడుస్తాది. మొరిగేది కాదమ్మా, ఏడుపు. ఊ... అని రాగం తీస్తాది. కుక్క ఏడ్చిన ఇంట్లో పీనుగ లేస్తాదని మా అవ్వ చెప్పేది. యముడి మనుషులు వచ్చేది మనకు కనపడదు, కుక్కకు కనపడతాదంట.

నాలుగు రోజులుగా ఆలోచన చేసినా. ఈ బిల్డింగులో ఎవరి వంతు? రెండో అంతస్తు హేమంత్‌కుమార్ ముప్పై ఏళ్ళోడు, రోజూ జిమ్ముకు పోతాడు. నువ్వు చిన్నదానివి. మా ఇంటామె సొన్నమ్మకు బీపీ కూడా లేదు. మిగిలింది డెబ్బై రెండేళ్ళ నేనే. నాకు భయంగా ఉండాదమ్మా. ఎట్లైనా దాని ఏడుపు మాన్పించు.

ఇట్లు,
ఈ పూటకు బతికుండే
నాగప్ప

తా.క.: క్షమాపణ చెప్పేదానికని దాన్ని ఎత్తుకొని రావద్దు. ఎనిమిదేళ్ళప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేయించుకున్నోడిని. ఇప్పటికీ కుక్కను చూస్తే నాకు బొడ్డు నొప్పి వస్తాది.

*

మూడో అంతస్తు
మంగళవారం

గౌరవనీయులైన నాగప్ప అంకుల్‌కి హరిణి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి భయమేసిందండీ. పండుని (వాడి పేరు పండు) చూసి ఇంతకుముందు నలుగురు ఓనర్లు గుమ్మంలోనే కాదన్నారు. సొన్నమ్మ ఆంటీ ఒక్కరే ‘పిల్లి అంత ఉండాడు, ఉండనీలే’ అన్నారు. ఇప్పుడు మీరు ఖాళీ చేయమంటే వీణ్ణి పట్టుకుని ఎక్కడికి పోవాలి? తెనాలిలో మా అమ్మయితే ‘ఆ కుక్క మన గుమ్మం ఎక్కితే నేను దిగిపోతా’ అని ముందే చెప్పేసింది.

వాడికి యముడు కనపడటం లేదండీ. సోఫా కింద పడ్డ బంతే కనపడదు. ఇన్నాళ్ళూ నేను ఇంట్లోంచే పని చేశాను కదా, ఒంటరిగా ఉండటం అలవాటు లేదు. దిగులు, అంతే. మనిషి గొంతు వినపడితే ఊరుకుంటాడు. రేపట్నుంచి రేడియో పెట్టి వెళ్తాను. అంతకుమించి వాడికేమీ అక్కర్లేదు. బిల్డింగులో కుక్క ఉందనే మీకు తెలీదు, చూడండి.

భయంతోనూ భక్తితోనూ,
హరిణి

తా.క.: మీకేమీ కాదు అంకుల్. అయినా ఇవాళ పన్నెండింటికి నాకు ఆఫీసులో అన్నం సహించలేదు. హేమంత్‌కి మెసేజ్ పెట్టి, మీరు వాకిట్లో తిరుగుతున్నారని కనుక్కున్నాకే తిన్నాను.

*

కింద ఇల్లు
గురువారం

హరిణమ్మకు నాగప్ప ఆశీర్వాదం.

నీ రేడియో సంగతి విను. పన్నెండుకు వార్తలొచ్చినాయి. అవి విని కుక్క ఇంకా గట్టిగా ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అన్నం కలిపిన చెయ్యి అట్లే పెట్టుకొని మూడంతస్తులు ఎక్కినాను. ప్రాణభయం ముందర మోకాళ్ళ నొప్పి తెలియదమ్మా.

తలుపు బయట నిలబడి ‘ఏయ్, ఊరుకో’ అన్నాను. ఊరుకుంది! సరే అని దిగబోతే మళ్ళా ఎత్తుకుంది. మళ్ళా వచ్చి మాట్లాడినా. కుక్కతో ఏం మాట్లాడాలప్పా? నాకు తెలిసింది కొత్తిమీర. ఈ బిల్డింగు ఉండే చోట ఒకప్పుడు మా కొత్తిమీర తోట ఉండె. ధనియాలు నలిపి చల్లేది, తడి పెట్టేది, చెరువు నీళ్ళు బాగుండే కాలంలో ఆకు తుంచితే వీధి చివరిదాకా వాసన వచ్చేది, అన్నీ చెప్పినా. ఇంట్లో ఈ మాటెత్తితే సొన్నమ్మ టీవీ సౌండు పెంచుతాది. నీ కుక్క రెండు గంటలు విన్నది. మీ ఎదురు పోర్షను ఖాళీగా ఉండాది కాబట్టి సరిపోయె, లేకుంటే నా మానం పోయుండు.

కానీ దినమూ రెండు గంటలు అట్లా నిలబడితే యముడు రానక్కరలేదు, నేనే నడిచి పోతా. దానికేమీ అక్కరలేదని నువ్వు రాసింది అబద్ధం. దానికి ఏమేమి చెయ్యాలో దాచకుండా రాయి. ఇది నా ప్రాణం సంగతి.

ఇట్లు,
కాళ్ళు పీకుతా ఉండే
నాగప్ప

తా.క.: ‘ఆడపిల్ల తలుపు ముందర నిలబడి రెండు గంటలు ఏం మాట్లాడినావు’ అని సొన్నమ్మ అడిగింది. కొత్తిమీర గురించి అన్నాను. నమ్మలేదు. యముడి కంటే ముందు ఆమె వచ్చేటట్టు ఉండాది.

*

మూడో అంతస్తు
శుక్రవారం

నాగప్ప అంకుల్‌కి నమస్కారాలు.

అబద్ధం చెప్పాను, ఒప్పుకుంటున్నాను. నన్ను ఖాళీ చేయించడానికే ఇవన్నీ రాయించుకుంటున్నారేమోనని అనుమానంగా ఉంది. అయినా మీరు ప్రాణం అన్నాక దాచలేను.

చిన్న కుక్క కదా, చిన్న పనే అనుకునే తెచ్చుకున్నానండీ. పొద్దున్నే ఎండ రాకముందే తిప్పి తేవాలి. ముక్కు చప్పిడి, వేడికి ఆయాసపడతాడు. రాగానే నాలుగు పాదాలూ తుడవాలి. తడి దూదితో కళ్ళు తుడవాలి, ఒక్కరోజు మానినా పుసులు కట్టేస్తాయి. రోజూ దువ్వాలి, మానితే జుట్టు జడలు కట్టేస్తుంది, అప్పుడు దువ్వెన పడితే ఏడుస్తాడు. (ఆ ఏడుపు వేరు, దానికీ మీకూ సంబంధం లేదు.) పొట్ట చిన్నది కాబట్టి తిండి కొంచెం కొంచెంగా మూడుసార్లు. పళ్ళు తోమాలి. చెవులు చూడాలి. మధ్యాహ్నం ఒకసారి ఒంటికి తీసుకెళ్ళాలి, అదే ఇప్పుడు జరగట్లేదు. ఇవన్నీ చేశాక కూడా ఎదురుగా కూర్చుని మన మొహం చూస్తాడు. అప్పుడు ఏమీ చేయకుండా పక్కన కూర్చోవాలి. అన్నిట్లోకీ దానికే ఎక్కువ టైం పడుతుంది.

చూసుకోవడానికి మనిషిని వెతుకుతున్నాను, కాస్త గడువివ్వండి. ఇంకో తాళంచెవి ఆంటీ దగ్గరుంది గానీ, మీరు మాత్రం లోపలికి వెళ్ళకండి. వాడికి మీరంటే భయం. మీరు ఎర్ర తువ్వాలు దులిపినప్పుడల్లా నా చంకలో ఉచ్చ పోసేస్తాడు.

మీ దయ,
హరిణి

తా.క.: ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ వాడికి విషం. మీరు పెడతారని కాదు. భయం కొద్దీ రాశాను.

*

కింద ఇల్లు
బుధవారం

హరిణమ్మకు ఆశీర్వాదం.

అది నన్ను చూసి ఉచ్చ పోసుకుంటాదని చదివినాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది. డెబ్బై రెండేళ్ళలో నన్ను చూసి భయపడిన మొదటి ప్రాణి అది.

అయినా జాగ్రత్త జాగ్రత్తే. సోమవారం సొన్నమ్మతో తాళం తీయించి, తోటలో వేసుకునే గమ్‌బూట్లు, స్వెట్టరు, మంకీ టోపీ వేసుకొని, బొడ్డు మీద గోనెసంచి మడిచి కట్టుకొని లోపలికి పోయినా. అది నన్ను చూసి సోఫా కిందకు దూరింది. నేను దాన్ని చూసి సోఫా మీదకు ఎక్కినా. పది నిమిషాలు ఇద్దరమూ కదలలేదు. సొన్నమ్మ గడపలో కూర్చొని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మొగుడి ప్రాణమంటే ఆమెకు అంత లక్ష్యం!

అప్పుడు కొత్తిమీర కథ ఎత్తుకున్నా. మెల్లగా బయటికొచ్చింది. బూజు కర్రకు దువ్వెన కట్టి దూరం నుంచి దువ్వినా. నిన్న కర్రను సగానికి విరిచినా. ఈ రోజు కర్ర లేదు. కళ్ళు తుడిచేటప్పుడు అది నా చెయ్యి నాకింది. కరిచేదానికి ముందర రుచి చూస్తా ఉండాదేమో అని చెమటలు పట్టినాయి. కరవలేదు.

మూడు రోజులుగా పన్నెండుకు ఏడుపు లేదు. నగర్తపేట బజారుకు పోయి దానికి మెత్తటి తాడు తెచ్చినా, పది అడుగులది. అంతకంటే దగ్గర ఇంకా నాకు భయమే. మనిషిని వెతకొద్దు. వాడు సరిగ్గా చూడక ఇది మళ్ళా ఏడిస్తే పోయేది నేను కదా.

ఒకటే బేజారు. మూడంతస్తులు దినానికి నాలుగుసార్లు ఎక్కి దిగేదానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. దీనికి ఏదో ఒక ఏర్పాటు చేస్తాను.

ఇట్లు,
నాగప్ప

తా.క.: దానికోసరం సొన్నమ్మ ఉల్లిపాయ లేకుండా వండుతా ఉండాది. రెండు వంటలు చెయ్యదంట. కాబట్టి నాకూ ఉల్లిపాయ లేదు.

*

మూడో అంతస్తు
శనివారం

నాగప్ప అంకుల్‌కి నమస్కారాలు.

మీరన్న ఏర్పాటు ఇవాళ చూశాను. మీ వరండాలో కొత్తగా రాసిన టు-లెట్ బోర్డు రంగు ఆరుతోంది. ఎదురు పోర్షన్ బోర్డు నిన్ననే తీసేశారు, అది ఎవరికో కుదిరిందన్నమాట. ఇక ఈ కొత్త బోర్డు ఎవరి ఇంటికో అడగక్కర్లేదు కదండీ.

మిమ్మల్ని తప్పుపట్టను. నా కుక్క కోసం ఈ వయసులో మీ మోకాళ్ళు అరగదీసుకున్నారు. మొహం మీద చెప్పలేక బోర్డు రాయించారు. మీ నోటితో ఆ మాట వినాలంటే నాకూ భయమే. అందుకే ఊరవతల ఒక గది చూసుకున్నాను. గాలీ వెలుతురూ లేవు, కుక్కకి మాత్రం ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం ఖాళీ చేస్తాను.

ఇవాళ నేను ఇంట్లోనే ఉన్నాను. అయినా పన్నెండు కాగానే పండు నా ఒళ్ళోంచి దూకి తలుపు దగ్గర కూర్చున్నాడు. ఏడవలేదు. తోక ఊపుతూ చాలాసేపు చూశాడు. మిమ్మల్ని భయపెట్టినందుకు మా ఇద్దర్నీ క్షమించండి.

మీ
హరిణి

తా.క.: మీ తాడు పాల సంచిలో పెట్టాను. కొత్తిమీర కట్ట చూస్తే వీడు చెవులు నిక్కబెడుతున్నాడు. కొత్త ఇంట్లో వీడికి ఆ కథ ఎవరు చెప్పాలి?

*

కింద ఇల్లు
ఆదివారం

హరిణమ్మకు నాగప్ప కోపంతో ఆశీర్వదించి రాసేది.

చదువుకున్న పిల్లవి, ఏ అంతస్తో రాయకముందే బోర్డు చూసి మూటా ముల్లే సర్దుకుంటావా? బాడుగకిచ్చేది నీ ఇల్లు కాదు, నా ఇల్లు. కింద ఇల్లు! నేనూ సొన్నమ్మా నీ ఎదురు పోర్షనుకు వచ్చేస్తా ఉండాము. దినానికి నాలుగుసార్లు ఎక్కేదానికంటే ఒక్కసారి ఎక్కి కూర్చునేది మేలు. బోర్డు రాసే ఓబులేష్ ‘ఏం నాగప్పన్నా, పైకి పోతా ఉండావంట’ అంటే ఒక్క నిమిషం నా గుండె ఆగింది. మళ్ళా మూడో అంతస్తుకే కదా అని తేరుకున్నా.

నాకు భయం పోయిందని అనుకోవద్దు. ముందర అది ఏడుస్తాదేమో అని భయం. ఇప్పుడు పన్నెండవుతాది, నేను కంచం ముందర కూర్చుంటా, ఎక్కడా ఏ చప్పుడూ ఉండదు అనుకుంటే, దానికంటే పెద్ద భయంగా ఉండాది. ఆ గదోళ్ళకు రానని చెప్పెయ్యి. తాడు తిరిగి నీ సంచిలోనే పెట్టినా. రెండడుగులకు కోసినాను, చూసుకో.

ఇట్లు,
నీ ఎదురింటి
నాగప్ప

తా.క.: ఈ మధ్యాన్నం పన్నెండుకు కింద ఏడుపు వినపడి హేమంత్‌కుమార్ పరుగెత్తుకొచ్చినాడు. ‘పండూనా అంకుల్?’ అని అడిగినాడు. పండు కాదు. నీ ఉత్తరం నేను చదివిన టయం అది.