పొయ్యిలో వేసిన నోట్‌బుక్

మంగళవారం

ఈరోజు ఆయన నోట్‌బుక్ కాల్చేశాను.

మధ్యాహ్నం పెద్దపల్లి నుంచి, మా ఆయనతో కలిసి హక్కుల సంఘంలో పనిచేసే లాయరు గారి భార్య ఫోన్ చేసింది. "అక్కా, మా ఇంట్ల పోలీసులు సోదా చేస్తున్నరు. బావ పైలం, జాగ్రత్తగ ఉండమను" అని పెట్టేసింది. అప్పటికి ఆయన దవాఖానకు వెళ్లి ఉన్నారు. గని నుంచి రిటైరయ్యారు గానీ హక్కుల సంఘం మాత్రం వదల్లేదు. పోయిన నెల అడవి ఊళ్లు తిరిగి, పోలీసు కాల్పుల్లో బిడ్డలను పోగొట్టుకున్నవాళ్లు చెప్పిందంతా పేర్లతో సహా ఆ నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు. అది దొరికితే ముందు వాళ్ల ఇళ్ల మీదే పడతారు. నా భయం వాళ్ల కోసమేనని అనలేను. ఆయన గుండెకు స్టెంటు వేసి ఏడాది కూడా కాలేదు. జైలు తట్టుకోలేరు.

పెరట్లో బొగ్గుల పొయ్యి ముందు కూర్చున్నాను. చదవకుండా వేయడానికి చేయి రాలేదు. ఒక్కో పేజీ చదివి వేశాను. "తుపాకి ఉన్నదన్నరు. నా కొడుకు చేతిల కొడవలి ఉండె" అని చెప్పిందట ఒక తల్లి.

సాయంత్రం దాకా ఎవరూ రాలేదు.

ఆయన వచ్చాక చెప్పాను. కోప్పడలేదు. పొయ్యి దగ్గరికి వెళ్లి బూడిద కదిపి చూసి, "చదివినవా?" అన్నారు.

"చదివిన."

"ఏమన్న యాదికున్నదా? చెప్పు, మళ్ల రాసుకుంట."

"లేదు" అన్నాను.

అన్నం తినకుండానే పడుకున్నారు. నాకు ప్రతి మాటా గుర్తుంది. ఆ తల్లి పేరు కూడా.