ఒక ఇంటి కోసం వీధంతా

జూన్ 4, బుధవారం

నేరేడుచర్ల నుంచి కృప ఫోన్ చేసింది. బాబు పుట్టి పదకొండు రోజులు. పుట్టింట్లో ఎవరూ లేక అత్తగారింట్లోనే ఉంది. నన్ను రావద్దంది. అక్కా, నీ మొఖం అందరికీ ఎరుకైంది, నువ్వొస్తే మా ఇంటికి బోర్డు కట్టినట్టే అంది.

నిజమే. డిసెంబర్‌లో సూర్యాపేట మీటింగ్‌లో ముఖం కప్పుకోకుండా మాట్లాడాను. నాకు హెచ్‌ఐవీ ఉంది, నా కూతురికి లేదు అన్నాను. ఆ వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే. నోరు మూసుకోవడానికా డిగ్రీ చదివింది?

కానీ నా ఉద్యోగమే నాలాంటి తల్లుల ఇళ్ళకు వెళ్ళి పక్కన కూర్చోవడం. ధైర్యం చేసి ఆ పనికే పనికిరాకుండా పోయానా?

జూన్ 7

కృప ఫోన్ స్విచ్ఛాఫ్.

జూన్ 9, సాయంత్రం

ఇంకా స్విచ్ఛాఫే. తల్లి నుంచి హెచ్‌ఐవీ సోకకుండా బాబుకి ఆరు వారాలపాటు రోజూ సిరప్ పడాలి. సీసా అయిపోవచ్చింది. భర్తకు అన్నీ తెలుసు, కానీ అతను లారీ మీద పోయాడు. అత్త మైసమ్మకు ఏమీ తెలియదు. మా ఆఫీసులో గిరిధర్ సార్ ఒక వారం ఆగమన్నారు.

ఆగను.

జూన్ 10

వెళ్ళాను. కృప ఇంటికి కాదు, వీధికి. రైస్‌మిల్లు వెనక మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాను. పిల్లల టీకాల గురించి తల్లులందరినీ అడుగుతున్నా అన్నాను. ఒకామె తలుపేసింది. ఇంకొకామె కూర్చోబెట్టి చింతపండు గింజలు తీయించుకుంది.

రుక్కమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. ఆ వీడియో పిల్లవు నువ్వే గదా, గీడ ఎవలికున్నదే ఆ రోగం, చెప్పి పో అంది. అన్ని ఇండ్లు తిరుగుతున్న గదా పెద్దమ్మా, అందరికీ ఉన్నట్టేనా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఐదో నెల కడుపుతో ఉన్న ఆమె కూతురు సింధు మాత్రం నవ్వలేదు.

అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ, నాకు పేపర్ కప్పులో. తాగాను. మస్తుంది పెద్దమ్మా, ఇంకొంచెం పొయ్యి అన్నాను.

చివరికి కృప ఇల్లు. అందరి ఇండ్లయినంక మాకాడికొచ్చినవా, మేమేం తక్కువనే అని మైసమ్మ కోపం! బాలింత ఫోన్ చూస్తే కండ్లు పోతయని ఆమే దాచేసిందట. ఆమె టీ పెట్టడానికి వెళ్ళగానే కృప బియ్యం డ్రమ్ములోంచి సీసా తీసింది. అడుగున తడి తప్ప ఏం లేదు. కొత్త సీసా నా బ్యాగ్‌లోంచి బియ్యంలోకి పోయింది. కృప నా చెయ్యి వదల్లేదు.

జూన్ 21

కోదాడలో నా పనే చేసే సుమతి కూడా ఇప్పుడు వీధులన్నీ తిరుగుతోందట. టీలు తాగలేక చస్తున్నానండి అంది.

జూలై 7

టీకా రోజే కృప బాబు మడమ గుచ్చి హెచ్‌ఐవీ టెస్ట్‌కి రక్తం తీశారు. మనవణ్ణి ఏడిపించారని మైసమ్మ దవాఖానంతా వినబడేలా తిట్టింది.

ఆగస్టు 2

నెగిటివ్. పద్దెనిమిది నెలలు నిండేదాకా ఇంకా టెస్టులున్నాయి. ఉండనీ. ఈ రోజుకి నెగిటివ్.

ఆగస్టు 10, ఆదివారం

కిరాయికి గది ఉందా అని ఎవరో ముసలామె మన వీధిలో ఇల్లిల్లూ అడుగుతోందని నా కూతురు హారిక చెప్పింది.

అన్ని ఇళ్ళూ అయ్యాక మా గుమ్మం. రుక్కమ్మ. వెనక సింధు. చెప్పులు బయట విడవకుండా లోపలికి తెచ్చుకున్నారు.

సింధుకి పాజిటివ్ అట.

టీ పెట్టాను. స్టీలు గ్లాసుల్లో. రుక్కమ్మ తాగి, జర ఇంకొంచెం పొయ్యి బిడ్డా అంది.